పొద్దున ఐదూ నలభై వాన

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, బెంగళూరు
జూన్ 14

చిన్నాయనకు అనూష నమస్కారాలు.

మీకు ఫోను వినపడదు, మెసేజీల అక్షరాలు మీ కంటికి ఆనవు. కాబట్టి కాలేజీ రోజుల తర్వాత మళ్లీ ఇప్పుడే కాగితం మీద పెన్ను పెట్టాను. మా ఆఫీసు కింద జిరాక్సు షాపులో పోస్టు కవర్లు అడిగితే అతను నన్ను ఎగాదిగా చూశాడు. పోస్టాఫీసు వెతుక్కుంటూ నాలుగు క్రాసు వీధులు నడిచాను.

అసలు విషయానికి వస్తాను. మే నెలలో మా ఆఫీసు వాళ్లు మీ ఎద్దుల కొట్టం పక్కన ఒక కడ్డీ పాతి, దాని నెత్తిన వాన కొలిచే డబ్బా బిగించి పోయారు కదా. అందులో పడ్డ ప్రతి చినుకూ ఇక్కడ నా కంప్యూటరులో కనిపిస్తుంది. మీ ఊరి లెక్క చూసేది నేనే. ఊరివాళ్లతో మా ఒప్పందం మీకు తెలుసు. వరసగా ఇరవై రోజులు ఆ డబ్బాలో చుక్క పడకపోతే, ఊళ్లో పశువులన్నిటికీ లారీలో మేత వస్తుంది. మధ్యలో ఒక్కరోజు వాన కనిపించినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు.

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఏమిటంటే, జూన్ ఒకటి నుంచి మీ ఊళ్లో రోజూ వాన పడుతోంది. అదీ పొద్దున ఐదూ నలభైకి. రెండు మూడు నిమిషాలు పడి ఆగిపోతుంది. పక్క ఊళ్లలో ఎక్కడా లేదు. మూడేళ్లుగా ఈ పని చేస్తున్నాను, గడియారం చూసుకుని వచ్చే వానను ఎప్పుడూ చూడలేదు. నా పక్క సీటు హర్ష అయితే దానికి మీ పేరు పెట్టాడు, రామాంజినప్ప వాన అని.

అదెలా ఉంటుంది చిన్నాయనా? తుంపరా, చినుకులా? ఎటు నుంచి వస్తుంది? మృగశిర కార్తె వచ్చేసింది కదా, విత్తనం వేశారా? చిన్నమ్మను అడిగానని చెప్పండి.

మీ అనూష


సోమనకుంట
జూన్ 19

అనూషమ్మకు,

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద, రాశాను. ఇప్పుడు నిజం రాస్తాను.

రోజూ వానా! ఏ ఊళ్లో తల్లీ? మాకు చినుకు పడి ముప్పై నాలుగు రోజులైంది. నిన్న చేలో గడ్డపారతో తవ్వితే జేనెడు లోతు దాకా దుమ్మే. విత్తనం వేయాలంటే నేలకు పదును ఉండాలి. పదునంటే ఏమిటో నీ కంప్యూటరుకు చెప్పు: పిడికిట్లో మట్టి పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, వేలు తగిలిస్తే విడిపోవాలి. అప్పుడే ఎద్దులకు గొర్రు కట్టి విత్తుతాం. ఇప్పుడు పిడికిట పడితే వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది.

చెవులు పోయినప్పటి నుంచి వాన కబురు నాకు ఎద్దులే చెప్పాలి. ఉరుము నాకు వినపడదు, చుక్కోడి చెవులు అటు తిరుగుతాయి. తడిగాలి వస్తే బూదోడు ముట్టె పైకెత్తి నిలబడతాడు. ఈ ఏడు ఇద్దరూ తల దించుకుని వామి వైపే చూస్తున్నారు. మేతకు దాచిన చెనక్కాయ కట్టె వామి నా నడుము దాకా దిగిపోయింది. పొదుపుగా వేస్తే జూలై పది దాకా వస్తుంది. ఆ లోగా మీ లారీ రాకపోతే జతను అమ్మక తప్పదు.

అమ్మేశాక వాన వస్తే నా గతేంటి? పదును మూడు రోజులే ఉంటుంది. ఊరికంతా ట్రాక్టరు ఒకటి, అది నా చేనికి వచ్చేసరికి నేల ఆరిపోతుంది. ఎద్దులుంటేనే నాకు పంట. ఏడేళ్లు ఒకే కాడి కింద నడిచిన జత అది.

మంచు పడుతోందేమో అని మీ చిన్నమ్మను అడిగాను. "జూన్‌లో మంచేందయ్యా, నీకు చెవులే పోయినాయి అనుకుంటి" అని నవ్వింది. పెదాలు చూసి మాట పట్టడం నేర్చుకున్నాను లే, ఇట్లాంటివి బాగా పట్టుబడతాయి.

ఆ డబ్బాలో నీళ్లు ఎక్కడివో నువ్వే కనుక్కో. పెద్ద చదువు చదివింది నువ్వు.

చిన్నాయన


బెంగళూరు
జూన్ 24

చిన్నాయనా,

మీ ఉత్తరాన్ని హర్షకు చదివి వినిపించాను. పదును గురించి మీరు రాసింది అతను మా తెల్లబోర్డు మీద రాసుకున్నాడు. ఇప్పుడు మా ఆఫీసులో సగంమంది పూలకుండీల్లో మట్టి తీసి పిడికిట నొక్కి చూస్తున్నారు.

మంచు కాదు. మంచు అంత ఉండదు, అంత ఠంచనుగా రాదు. పక్షులు, పైపు లీకు, అన్నీ అనుకున్నాం. హర్ష ఎవరో నీళ్లు పోస్తున్నారు అంటాడు. నాకది మింగుడు పడలేదు. వేరే ఊళ్లలో డబ్బాను పాలిథిన్ కవరుతో మూసేసిన వాళ్లు ఉన్నారు, వాన లేదని చూపిస్తే మేత వస్తుందని. నీళ్లు పోస్తే వచ్చే మేత ఆగిపోతుంది. తన నోటి కాడ కూడు తనే తోసేసుకునే మోసం ఎవరు చేస్తారు?

అప్పుడు ఒకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు సెలవుల్లో వచ్చినప్పుడు, వాన రాకపోతే కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి ఇంటింటికీ తిప్పేవాళ్లు, ఆడవాళ్లు దానిమీద నీళ్లు పోసేవాళ్లు. ఇప్పుడూ ఉందా? వాన కొలిచే డబ్బా అంటే వానను పిలిచే డబ్బా అని ఎవరైనా మొక్కుకుంటున్నారా? తప్పు పట్టడానికి కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను. కారణం రుజువు చేయగలిగితే ఆ దొంగ వానలన్నీ నేను లెక్కలోంచి కొట్టేయొచ్చు. రుజువు లేకుండా కొట్టేస్తే నా ఉద్యోగాన్ని కొట్టేస్తారు.

అనూష


సోమనకుంట
జూన్ 30

అనూషా,

దొంగ దొరికింది. ఇంట్లోనే ఉంది.

నీ ఉత్తరం చూపించి అడిగితే మీ చిన్నమ్మ ఒప్పుకుంది. పోయిన నెల కప్పను ఊరేగించిన రోజు, చెంబులో మిగిలిన నీళ్లు ఆ డబ్బాలో పోసి దండం పెట్టిందట. "ఒక్కసారే పోస్తి" అంటుంది. ఒక్కసారి పోస్తే రోజూ వాన ఎట్లా పడుతుంది? రోజూ పోస్తూ ఉండాలి, నాకు భయపడి ఒక్కసారి అంటోంది అనుకున్నాను. గట్టిగానే కేకలేశాను. చెవిటివాడి కేక ఎంత ఉంటుందో వాడికి తెలీదు. వీధంతా విన్నదని తర్వాత తెలిసింది.

ఇంకో సంగతి, నవ్వకు. ఆమె నాతో మాట్లాడటం మానేసిందట. నాలుగో రోజు దాకా నాకు తెలియనే లేదు. అన్నం పెడుతోంది, అంబలి ఇస్తోంది, నాకు అంతా మామూలుగానే ఉంది. నాలుగో రోజు ఆమె పెదాలు కదలడం లేదని గమనించాను. మూగనోము పట్టిన ఆడదాన్ని చూసి భయపడని మగాడు ఉండడు, నేనూ భయపడ్డాను. కానీ తప్పు ఆమెది కదా.

ఇక ఆ వాన ఆగిపోతుంది. నేటి నుంచి ఇరవై రోజులు లెక్క పెట్టుకో. వామి మోకాలి దాకా వచ్చింది. మేత ఇంకొంచెం తగ్గించాను. చుక్కోడు ఖాళీ మేత గాడిని నాకి నాకి నున్నగా చేశాడు.

చిన్నాయన


బెంగళూరు
జూలై 5

చిన్నాయనా,

ఆగలేదు. మొన్న ఐదూ నలభై రెండు. నిన్న ఐదూ ముప్పై తొమ్మిది. ఈరోజు సరిగ్గా నలభై.

ఇక్కడ మాత్రం అసలైన వాన. నిన్న సాయంత్రం మా రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు, ఆఫీసు నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాను. అందరూ వానను తిడుతుంటే నాకు మీ చేను గుర్తొచ్చి నోరు రాలేదు.

డబ్బా చూసే మనిషి వచ్చే నెలగానీ మీ వైపు రాడట. నేనే వద్దామంటే ఈ రెండు వారాలూ శనాదివారాలు కూడా పని ఉంది. మీరు ఒక మూడు రోజులు తెల్లవారుజామున అక్కడ కాపలా కూచుంటారా? ఎవరు వస్తారో, ఏం చేస్తారో చూసి రాయండి. అంతవరకూ ఎద్దుల్ని అమ్మొద్దు. నా మాట మీద ఆగండి.

అనూష


సోమనకుంట
జూలై 12

అనూషకు,

కూచున్నాను. తొమ్మిది, పది, పదకొండు, మూడు పొద్దులూ. కంబళి కప్పుకుని, కర్ర పట్టుకుని, కడ్డీకి నాలుగు బారల దూరంలో. రోజూ ఆ వేళకు ఎద్దుల్ని విప్పి నీళ్ల తొట్టి దగ్గరికి వదిలేసి, నేను లోపలికి పోయి అంబలి తాగుతాను. ఈ మూడు రోజులు వాటిని విప్పనే లేదు, కాపలాకు అడ్డమని. కొట్టంలోకే నీళ్లు మోసుకొచ్చి పెట్టాను.

చీమ కూడా రాలేదు తల్లీ. మనిషి లేడు, చెంబు లేదు, చుక్క లేదు. నీ డబ్బాకు పిచ్చి పట్టింది. లేదా మీ ఆఫీసుకు పట్టింది. ఊళ్లో నాకు తల ఎత్తుకునే వీలు లేదు. "నీ కొట్టం కాడ పెట్టిన దానివల్లనే మాకు మేత రాలేదు గదప్పా" అని రచ్చబండ కాడ నా మొహం మీదే అంటున్నారు. నాకు వినపడదనుకుంటారు, పెదాలు చదువుతానని మరిచిపోతారు.

వామి అయిపోయింది. వేపమండలు, తుమ్మకాయలు కొట్టి వేస్తున్నాను. బూదోడి పక్కటెముకలు ఎన్నో లెక్క చెప్పగలను. నీ మాట మీద ఇంకో వారం ఆగుతాను. అంతకు మించి ఆగితే అది పాపం.

చిన్నాయన


బెంగళూరు
జూలై 16

చిన్నాయనా,

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీరు కూచున్న ఆ మూడు రోజులూ ఇక్కడ వాన పడలేదు. తొమ్మిదో తేదీ లేదు, పదో తేదీ లేదు, పదకొండు లేదు. మీరు లేచి వెళ్లిన పన్నెండో తేదీ పొద్దున ఐదూ నలభై ఒకటికి మళ్లీ పడింది. అంటే డబ్బా బాగానే పనిచేస్తోంది. మీరు కాపలా ఉన్న సంగతి తెలిసిన మనిషే అది చేస్తున్నారు.

ఆ సంగతి ఎవరికి తెలుసు? ఊళ్లో మీరు ఎవరికీ చెప్పి ఉండరు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. చిన్నమ్మను ఇంకోసారి, మెల్లగా అడగండి. మొక్కు ఉంటే ఇంకేదైనా రాయికి మొక్కమనండి. ఆమె ఒక్క మాట ఒప్పుకుంటే ఆ కాగితం మీద ఊరందరికీ మేత పంపిస్తాను.

అనూష


సోమనకుంట
జూలై 23

అనూషకు,

నీ ఉత్తరం ఆమె చేతికే ఇచ్చాను. చదివింది. ఇన్ని రోజుల తర్వాత పెదాలు కదిలించింది. "ముప్పై ఏండ్లు కాపురం చేసి కడాకు నేను దొంగనైతినా" అంది. లోపలికి పోయి తలుపేసుకుంది.

నిన్న మంగళవారం సంతలో జతను అమ్మేశాను. కోతకు తీసుకునేవాళ్లే ఎక్కువ వచ్చారు, వాళ్లకు ఇవ్వలేదు. దేవనహళ్ళి దగ్గర రాగి సేద్యం చేసే కొండయ్య అని, మన తెలుగువాడే, తాతల కాలంలో అక్కడికి పోయినవాళ్లు. కాడికి కావాలన్నాడు, తక్కువకైనా ఇచ్చేశాను.

బూదోడు వ్యాను ఎక్కనన్నాడు. నేను ముందెక్కి నిలబడితే నా వెనకాల ఎక్కాడు. తర్వాత నేను దిగిపోయాను.

చిన్నాయన


బెంగళూరు
జూలై 31

చిన్నాయనా,

మీ ఉత్తరం చదివి బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను. తర్వాత వచ్చి కంప్యూటరు తెరిచి చూశాను. ఇరవై రెండో తేదీ తర్వాత మీ ఊళ్లో ఐదూ నలభై వాన ఆగిపోయింది. తొమ్మిది రోజులుగా ఒక్క చుక్క లేదు.

తేదీలన్నీ కాగితం మీద రాసి గోడకు అంటించాను. వాన పడనివి జూలై తొమ్మిది, పది, పదకొండు, ఇప్పుడు ఈ తొమ్మిది రోజులు. వీటికి పొత్తు ఏమిటి? మీ ఉత్తరాలు మళ్లీ తీశాను. ఆ మూడు రోజులు ఎద్దుల్ని విప్పలేదని మీరే రాశారు. ఇప్పుడు ఎద్దులే లేవు.

మా స్టోరు గదిలోంచి అలాంటి డబ్బానే కడ్డీతో సహా తెప్పించి నా టేబులు దగ్గర నిలబెట్టాను. దాని లోపల చిన్న తొట్టిలాంటిది ఊగుతూ ఉంటుంది. నీళ్లు నిండగానే పక్కకు ఒరుగుతుంది, ఒరిగిన ప్రతిసారీ ఇంత వాన అని లెక్క పడుతుంది. నేను ఆ కడ్డీని భుజంతో ఆనుకుని రుద్దాను, ఎద్దు రుద్దుకున్నట్టు. చుక్క నీరు లేకుండా, మూడో అంతస్తులో, ఫ్యాను కింద, నా తెరమీద వాన పడింది. హర్ష అరిచాడు. నేను పాత ఫొటోలు వెతకడం మొదలుపెట్టాను.

బిగించిన రోజు ఫొటో చూశాను. కడ్డీ చుట్టూ కట్టిన కంచె మూడు వైపులే ఉంది. నాలుగో వైపుకు వైరు సరిపోలేదని మావాళ్లు వదిలేసి వచ్చారు. ఆ ఫొటో మే నుంచి నా దగ్గరే ఉంది. మూడు గంటల బస్సు ప్రయాణం చేసి ఒక్క పొద్దు వచ్చి చూసి ఉంటే సరిపోయేది. ఎద్దు మెడ దురద నా బుర్రకు తట్టలేదు, మనిషి మీద అనుమానం మాత్రం వెంటనే తట్టింది.

దొంగ వానలన్నీ కొట్టేశాం. మూడో తేదీన లారీ వస్తుంది. చిన్నమ్మ కాళ్లు పట్టుకున్నానని చెప్పండి. ఎద్దు అక్కడ రుద్దుకునేదా అని ఆమెను అడగండి. ఈసారి అడగడం మాత్రమే.

అనూష


సోమనకుంట
ఆగస్టు 6

అనూషమ్మా,

అడిగాను. పొయ్యి ముందు కూచుని ఉంది. నీ కాగితం చేతిలో పెట్టి, ఎద్దు అక్కడ రుద్దుకునేదా అని అడిగాను. ఆమె నా వైపు చూసిన చూపు నీకు రాయలేను.

"రుద్దుకోక? దినామూ పొద్దన్నే ఆ కడ్డీ గడగడా అంటానే ఉండె. బూదోడు మెడ గీరుకొని తొట్టి కాడికి పోతాడు. ఊరంతా ఇనపడే చప్పుడు. నీకు ఇనపడదు సరే. నువ్వు పోసినావా అని అడిగినారు గానీ, ఏం జరుగుతాందని నన్నెవరడిగినారు?"

నిజమే కదా. జూన్ ఒకటిన నీడ కోసమని తొట్టిని అటు జరిపింది నేనే. రెండు నెలలు నువ్వూ నేనూ అన్నన్ని కాగితాలు రాసుకున్నాం. వినగలిగిన మనిషి ఇంట్లోనే ఉంది.

లారీ వచ్చింది. ఊరు ఊరంతా గుమిగూడింది. జాబితాలో నా పేరు కింద రెండు ఎద్దులు అని ఉంది కాబట్టి పన్నెండు మోపులు దించారు. "ఎద్దులెక్కడప్పా?" అని దించే మనిషి అడిగాడు. నేను వినపడనట్టు ఊరుకున్నాను. మొదటిసారి ఈ చెవుడు అక్కరకు వచ్చింది.

ఆ మోపులు పాల వ్యానులో వేసుకుని దేవనహళ్ళి పోయాను. కొండయ్య నన్ను చూసి బిత్తరపోయాడు. "ఎద్దులు నావి, కసువు నీది యాలప్పా?" అన్నాడు. వాటి పేరు మీద వచ్చింది, వాటికే పడాలి అన్నాను. జరిగిందంతా చెప్పాను. అతను చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత అన్నాడు: "జత వాపస్ ఇచ్చేదానికి కాదప్పా, నాకీ సేద్యం ఉండాది. ఇట్ల చేస్తాం. నాకు ముందు వాన పడి నా రాగి విత్తేది అయిపోతే, మీ ఊర్లో పడిన దినం తోలుకోనిపో. నాలుగు దినాలు. మళ్లా తెచ్చి కట్టేయల్ల."

ముందు మాకే పడితే? అప్పుడు జత అతని కాడి కిందే ఉంటుంది, నా నేల ఆరిపోతుంది. ఇప్పుడు చెప్పు తల్లీ, నీ కంప్యూటరును అడిగి చెప్పు. ముందు దేవనహళ్ళిలో పడుతుందా, సోమనకుంటలో పడుతుందా? నా జన్మలో మొదటిసారి పక్క ఊరికి ముందు వాన రావాలని కోరుకుంటున్నాను.

చిన్నాయన


సోమనకుంట
ఆగస్టు 24

అనూషకు చిన్నమ్మ రాసేది.

మీ చిన్నాయన అడిగినదానికి నువ్వు జవాబుగా ఏమీ తెలీదని రాసినావు చూడు, "ముందు ఎక్కడ పడుతుందో నాకు తెలీదు చిన్నాయనా, తెలిసిన వెంటనే బయలుదేరతాను" అని, ఆ ఒక్క ముక్క చూసి నీమీద కోపం తగ్గింది. నీ కాళ్లు పట్టుకోవడాలు నాకొద్దు.

తొమ్మిదో తేదీ దేవనహళ్ళిలో పడిందని నువ్వు కబురు చేస్తే మీ చిన్నాయన అంగట్లో చక్కెర కొని ఇంటింటికీ పంచినాడు. ఎవరికో వాన పడితే చక్కెర పంచేదేంది అని జనం నవ్వినారు. పదహారో తేదీ మధ్యాహ్నం ఇక్కడ ఉరిమింది. ఆయన గొర్రు బాగుచేస్తా వంగి ఉన్నాడు. నేను పరుగెత్తి భుజం పట్టి ఊపి, పైకి చూపించినా. చూసి, ఆడపిల్ల మాదిరి ఏడ్చినాడు.

ఆ సాయంత్రమే నువ్వు వ్యానులో జతను వెంటబెట్టుకుని తడిసి ముద్దయి దిగితివి. నువ్వు మర్నాడే పోతివి కాబట్టి తర్వాత సంగతి నేను చెప్పాల. చెనక్కాయకు అదను దాటిపోయింది. నాలుగు రోజుల్లో మొత్తం ఉలవలు చల్లినాం. మొలక వచ్చింది. ఉలవలు మనకు ఒక పూట చారు, మిగిలిందంతా ఎద్దుల మేత. ఎవరి ఎద్దులకు అని అడగొద్దు, మేమూ ఆ మాట ఎత్తలేదు.

ఐదో రోజు వ్యాను వచ్చింది. మాట ఇచ్చినాం కదా. ఆయన పొద్దున్నుంచి ఇంట్లోంచి బయటికి రాలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే వినపడదు, తట్టితే లేవలేదు. సరే అని నేనే పలుపు పట్టుకుని పోయినా. దేవనహళ్ళిలో కట్టేసి, నీళ్లు పెట్టి, సాయంత్రం బస్సుకు వచ్చినా.

ఆయన దీపం పెట్టుకుని అరుగు మీద కూచుని ఉన్నాడు. ఏమీ అడగలేదు. అడగడని నాకు తెలుసు. మునుపైతే అడిగితే చెప్దామని నేనూ ఊరుకునేదాన్ని. అట్లా ఊరుకునే కదా ఈ ఇంట్లో జత పోగొట్టుకున్నాం.

ఆయనకు ఎదురుగా, దీపం వెలుతురు నా మొహం మీద పడేట్టు కూచుని చెప్పినా. చుక్కోడు పోతూనే గాట్లో మూతి పెట్టినాడు. బూదోడు ముట్టలేదు. చేత్తో నాలుగు పిడికిళ్లు తినిపిస్తే తర్వాత తిన్నాడు. కొండయ్య పెండ్లాం మంచిది, కొట్టంలో నేల పొడిగా ఉంచింది. మేత ఉంది. ఎముకలు కొంచెం కప్పుకుంటున్నాయి.

కన్ను ఆర్పకుండా నా నోటికేసే చూసినాడు. అంతా అయినాక, మళ్లీ చెప్పు అన్నాడు. మళ్లీ చెప్పినా.

చిన్నమ్మ నాగలక్ష్మి